పాపను నవ్వించిందెవరు

ఆ మంగళవారం ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: పొయ్యి దగ్గర అమ్మమ్మ, కిటికీ కింద చెక్కపలక ఉయ్యాలలో కట్టి పడుకోబెట్టిన మూడునెలల కైలీన్, పాప బట్టలు మడతపెడుతున్న వాళ్ళమ్మ రోలిండా, ఇంట్లో కూడా నల్లకళ్ళద్దాలు తీయని డెల్బర్ట్ మామయ్య, బంగాళాదుంపల చెక్కు తీస్తున్న మెల్వీనా. రోలిండా మెల్వీనాకు అక్క. ఇద్దరి మధ్యా ఏడేళ్ళ తేడా, మాటల్లో అయితే ఇంకా ఎక్కువ. అక్క రోజంతా మాట్లాడుతూనే ఉంటుంది. మెల్వీనా రోజంతా వింటూనే ఉంటుంది.

బయట కారు వచ్చిన చప్పుడైంది. మామయ్య తెర కాస్త జరిపి చూశాడు.

"వచ్చింది. పాస్టర్ చెప్పిన అమ్మాయే."

"కూర్చోనీ," అంది అమ్మమ్మ. "దుంపలు వేగనీ."

"ఎక్కడ కూర్చుంటుంది? దిగేసింది! ఇంజను ఇంకా ఆగనేలేదు, దిగేసింది."

అందరి చేతులూ ఆగిపోయాయి. ఆ చుట్టుపక్కల ఎవరింటికి వెళ్ళినా బండిలోనే కూర్చుంటారు. ఇంట్లోవాళ్ళు చూసి, తల దువ్వుకుని, కుక్కను కసిరి, బయటికొచ్చేదాకా దిగరు. నేరుగా వచ్చి తలుపు కొట్టేది పోలీసులే.

తలుపు టకటకా మోగింది.

"ఏం చేశావురా డెల్బర్ట్?" అంది అమ్మమ్మ.

"నేనేం చెయ్యలేదమ్మా!" అని మామయ్య నిజంగానే చేతులు పైకెత్తాడు. అక్క మడతపెడుతున్న బట్టల్లో మొహం దాచుకుని నవ్వింది.

అమ్మమ్మ మెల్వీనా వైపు చూసి, పెదవులు ముందుకు సాచి తలుపు చూపించింది. వెళ్ళి చెప్పమని. మెల్వీనా చేతులు తుడుచుకుని వెళ్ళి తలుపు తీసింది.

"హలో! నేను కెండ్రా!" అంటూ ఆ అమ్మాయి మెల్వీనా చెయ్యి అందుకుని, చేతిపంపు కొట్టినట్టు ఊపింది. ఎండకు ముక్కు అప్పుడే ఎర్రబడింది. మెల్వీనా ఆమె బూట్ల వైపు చూసింది. కొత్తవి. వాటి మీద ఇంకా ఇక్కడి దుమ్ము పడలేదు. ఇంటికొచ్చిన మనిషిని మళ్ళీ కార్లోకి వెళ్ళి కూర్చోమని ఎలా చెప్పాలి?  చివరికి తనూ పెదవులతో కారు చూపించింది.

కెండ్రా కారు వైపు చూసింది. మెల్వీనా వైపు చూసింది. ముక్కు మీది ఎరుపు మొహమంతా పాకింది.

"అయ్యో. పాస్టర్‌గారు చెప్పారు. దారి పొడుగునా ఫోన్లో చెప్పారు."

వెనక్కి వెళ్ళి, కారెక్కి, తలుపేసుకుని, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. దుంపలు వేగాయి. అమ్మమ్మ తల దువ్వుకుని, పూల రుమాలు కట్టుకుని, కుక్కను కసిరి, బయటికి వెళ్ళింది. కారును అప్పుడే చూసినట్టుగా, "ఓహో, ఎవరో వచ్చారే!" అంది.

*

వచ్చే వారం చర్చి పందిరి కింద పిల్లలకు బైబిలు పాఠాలు మొదలవుతాయి. వాటికోసం తూర్పు ఊళ్ళ నుంచి ఒక జట్టు వస్తోంది. కెండ్రా ఆ జట్టుకు పెద్ద. పాస్టర్ బిలగోడీ ఇక్కడివాడే, ఇక్కడి గొర్రెల వెనక పెరిగినవాడే. "ముందు ఒక ఇంట్లో ఉండి నీళ్ళు మొయ్యి, తర్వాత బోధించు," అని కెండ్రాను నాలుగు రోజులు ముందుగా రప్పించి అమ్మమ్మ ఇంట్లో పెట్టాడు. కెండ్రా చెప్పిన పాఠం వెంటనే ఇక్కడి భాషలో ఎవరైనా చెప్పాలి కదా, పిల్లలతో పాటు ఇంగ్లీషు రాని ముసలమ్మలు కూడా వస్తారు. ఆ పని మెల్వీనాను చెయ్యమని ఆదివారం అందరి ముందూ అడిగాడు. మెల్వీనా జవాబివ్వలేదు. అందరూ తన వైపు తిరిగి చూసిన ఆ కాస్త సేపూ చెవుల్లో రొద పెట్టింది, అంతే గుర్తుంది.

భోజనాల దగ్గర అమ్మమ్మ శిక్షణ మొదలుపెట్టింది. అమ్మమ్మ మాటలు అక్క ఇంగ్లీషులో చెబుతోంది.

"చెయ్యి ఊరికే తాకాలి. పిండకూడదు, మేక పాలు కాదు."

"సరే అమ్మమ్మగారూ."

"వేలు పెట్టి మనుషుల్ని చూపించకూడదు."

"సరే అమ్మమ్మగారూ."

"ఎవరైనా మాట్లాడకుండా కూర్చుంటే, కూర్చోనివ్వాలి. ఆ ఖాళీలో నువ్వు దూరకూడదు."

కెండ్రా ఏదో అనబోయి నోరు మూసుకుంది. అమ్మమ్మ మెచ్చుకోలుగా ఇంకో దుంప ముక్క వడ్డించింది.

"అన్నిటికన్నా ముఖ్యం," అన్నాడు మామయ్య, "ఆ పిల్లను నవ్వించకు."

కెండ్రా ఉయ్యాల వైపు చూసింది. పాప కళ్ళు ఇంత చేసుకుని ఆమెనే చూస్తోంది.

"ఇంకా నవ్వలేదు," అంది అక్క. "మొదటిసారి నవ్వించినవాళ్ళు విందు పెట్టాలి. గొర్రెను కోసి ఊరందరినీ పిలవాలి. పాప చెయ్యి పట్టుకుని అందరికీ ఉప్పు పెట్టించాలి. అది పుట్టాక తన చేత్తో ఒకళ్ళకి ఇచ్చే మొదటి వస్తువు అదే. నవ్వించిన మనిషి గుణమే పిల్లకొస్తుంది. అందుకే మా మామయ్య నెల రోజులుగా ఈ కళ్ళద్దాలు పెట్టుకుని తిరుగుతున్నాడు."

"నా మొహం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది," అన్నాడు మామయ్య బాధగా. "నాకున్నవి పదకొండు గొర్రెలు."

"పిల్లకు నీ గుణం వస్తుందని మాకూ భయమే," అంది అమ్మమ్మ.

ఆ క్షణం నుంచి కెండ్రా పాప ముందు చావింట్లో కూర్చున్నట్టు మొహం పెట్టుకుంది. పాప ఎంత గురగురలాడినా ఆమె గోడ వైపు చూసేది. ఆ మొహం చూసి మిగిలినవాళ్ళు నవ్వాపుకోలేకపోయారు.

*

బుధవారం మధ్యాహ్నం అమ్మమ్మా అక్కా గొర్రెల దొడ్డి బాగుచెయ్యడానికి వెళ్ళారు. మామయ్య కెండ్రాను వెంటబెట్టుకుని గాలిమర బావి దగ్గర నీళ్ళ పీపాలు నింపుకొచ్చాడు. ఆమె బయట బకెట్లలోకి నీళ్ళు వంపుతోంది. ఇంట్లో మెల్వీనా, పాప.

మెల్వీనా పాపను ఒళ్ళో పెట్టుకుని, తలుపు వైపు ఒకసారి చూసి, మెల్లగా మొదలుపెట్టింది. కెండ్రా చెప్పబోయే మొదటి పాఠం తప్పిపోయిన గొర్రె. పాస్టర్‌కు సరేనని చెప్పడానికి కాదు. చెప్పాల్సి వస్తే ఎలా ఉంటుందో చూద్దామని.

"ఒకాయనకు నూరు గొర్రెలున్నాయి," అంది పాపతో. "అందులో ఒకటి తప్పిపోయింది. మిగతావాటిని వదిలేసి ఆయన వెతుకుతూ వెళ్ళాడు. రాళ్ళు ఎక్కాడు. వాగు దిగాడు. దొరికింది. ఎక్కడ? ముళ్ళపొదలో."

ఇంగ్లీషు పాఠంలో గొర్రెను భుజాన వేసుకున్నాడని వెంటనే ఉంది. మెల్వీనాకు అది నమ్మబుద్ధి కాలేదు. తిట్టకుండా ఎవరు తెస్తారు? అందుకని అమ్మమ్మ గొంతు పెట్టింది.

"ఏమే, నీకు ఇక్కడ గడ్డి లేకపోయిందా? మీ అమ్మ గడ్డి తినలేదా? మీ అమ్మమ్మ గడ్డి తినలేదా? నీకొక్కదానికే ముళ్ళపొద కావాల్సొచ్చిందా?"

తర్వాత గొర్రె వంతు. మెడ కిందికి వంచి, పై పెదవి వణికించి, తప్పు చేసిన ముసలి గొర్రెలా అంది: "మ్మ్మేఁ."

పాప నవ్వింది.

చిరునవ్వు కాదు. పొట్ట కదిలేలా, గొంతులోంచి నీళ్ళు దొర్లినట్టు, నవ్వే.  మెల్వీనా పాప నోరు మూయాలన్నట్టు చెయ్యి ఎత్తింది. ఆ చెయ్యి చూసి పాప ఇంకోసారి నవ్వింది.

తలుపు తోసుకుని కెండ్రా బకెట్‌తో లోపలికొచ్చింది. మెల్వీనా ఏం చేస్తోందో తనకే తెలియకుండా పాపను ఆమె చేతుల్లో పెట్టేసి గోడ దాకా జరిగిపోయింది. కెండ్రా బిత్తరపోయి గోడ వైపు చూడటం కూడా మరిచిపోయింది. పాప ఆమె ఎర్రముక్కు చూసి మిగిలిన నవ్వు కూడా నవ్వేసింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో అక్క నిలబడింది.

"నవ్వింది! అమ్మమ్మా, నవ్వింది! దొరికిపోయింది!"

మామయ్య పరుగెత్తుకొచ్చి కళ్ళద్దాలు పీకి పైకి విసిరాడు. "బతికాను! నా గొర్రెలు బతికాయి!"

"నేను కాదు," అంది కెండ్రా. "నేను వచ్చేసరికే..."

"అందరూ అదే అంటారు!" అంది అక్క. "నన్ను నవ్వించిన పెద్దమ్మ ఇప్పటికీ తను కాదనే అంటుంది."

అమ్మమ్మ చేతికి అంటిన పేడతోనే వచ్చి, నవ్వీ నవ్వీ పొయ్యి పక్కన కూలబడింది. కెండ్రా అందరినీ చూసి, చివరికి గోడ దగ్గరున్న మెల్వీనాను చూసింది. మెల్వీనా కళ్ళెత్తింది. ఒక్క క్షణమే. చెప్పొద్దని ఆ కళ్ళు వేడుకున్నాయి. కెండ్రా నోరు మూసుకుంది. ఖాళీలో దూరకూడదని నేర్చుకుంది కదా.

సాయంత్రం గొర్రెలను దొడ్డిలోకి తోలుతుంటే కెండ్రా పక్కనే నడిచింది.

"నువ్వే కదా?"

మెల్వీనా ఒక రాయిని కాలితో దొర్లించింది. "అందరి ముందూ నిలబడాలి. పాప అమ్మ వంశం, నాన్న వంశం చెప్పాలి. అందరూ చూస్తారు."

"అంతేనా?" కెండ్రా మొహం విప్పారింది. "నేను నిలబడతాను. నాకదేం కష్టం కాదు. సాయం చెయ్యడానికే కదా నేను వచ్చింది."

మెల్వీనా ఊపిరి పీల్చుకుంది. దడి తలుపుకి తీగ చుట్టి ఇంటి దాకా దాదాపు గెంతుతూ వచ్చింది.

*

ఆ ఊపిరి గురువారం పొద్దుటికే బరువెక్కింది.

విందు శనివారం పెట్టుకున్నారు. జట్టు కూడా ఆ రోజే వస్తుంది. ఇది పాత పద్ధతి కదా, చర్చికి అభ్యంతరమేమైనా ఉందా అని కెండ్రా పాస్టర్‌ను అడిగింది. "ఉప్పు సంగతి బైబిల్లో ఉంది. మాంసం సంగతి నా కడుపులో ఉంది. నేను పెందలాడే వస్తాను," అన్నాడాయన.

గొర్రె మామయ్యదే. కెండ్రాకు గొర్రెలు లేవు కాబట్టి అప్పిస్తున్నానని, తీర్చకపోతే పరలోకంలో వసూలు చేసుకుంటానని చెప్పాడు. అమ్మమ్మ కత్తి నూరుతుంటే కెండ్రా గొర్రె కాళ్ళు పట్టుకుంది. మొదట మొహం తెల్లబోయింది, తర్వాత చర్మం ఒలవడం చూస్తూ ముందుకు వంగింది, చివరికి పేగులు కడిగే గిన్నె తనే అందుకుంది. నిప్పుల మీద కాల్చడానికి కొవ్వుకు పేగు చుట్టడం నేర్పమని అడిగింది. పిండి పిసికింది. రొట్టెను అరచేతుల మధ్య చరుస్తూ సాగదియ్యబోతే అది చిల్లుపడి మోచేతికి గాజులా వేలాడింది.

"ఈ పిల్లకూ ఇలాంటి రొట్టెలే వస్తాయి," అంది అమ్మమ్మ పాప వైపు చూపించి.

"బండి ఆగకముందే దూకుతుంది," అన్నాడు మామయ్య.

"చెయ్యి పట్టుకుంటే విరగ్గొడుతుంది," అంది అక్క. అందరికన్నా గట్టిగా కెండ్రాయే నవ్వింది.

మెల్వీనా కూడా నవ్వింది. ఇంటి ముందు వేస్తున్న విందు పందిరికి కాటన్‌వుడ్ చెట్టు కొమ్మలు అందిస్తూ, ఆకుల చాటున. అప్పుడు అక్క పాపను భుజాన వేసుకుని వీపు తడుతూ, ఎవరికోసమో కాకుండా పాపకోసమే అన్నట్టు మెల్లగా అంది:

"నా బంగారం ధైర్యంగా పెరుగుతుంది. ఎవరొచ్చినా మాట్లాడుతుంది. మీ పిన్నిలా దుప్పటి కింద దూరదు. కదమ్మా? నీకు మంచి మనిషే దొరికింది."

అక్క మాటల్లో విషమేమీ లేదు. రోజుకు నూరు మాటలంటుంది, అందులో ఇదొకటి. మెల్వీనా చేతిలో కొమ్మ మాత్రం చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"కోడలా, చెట్టు మొలుస్తుంది నీ చేతిలో," అన్నాడు పందిరి మీద నుంచి మామయ్య.

శుక్రవారమంతా మెల్వీనా పాప చుట్టూ తిరిగింది. తను పక్కన నడిస్తే చాలు, పాప కళ్ళు తన వెంటే తిరిగేవి. ఎవరూ లేనప్పుడు వంగి, పెదవి వణికించి, చప్పుడు లేకుండా గొర్రె మొహం పెట్టింది. పాప పొట్ట కదిలింది. ఈ నవ్వు తనది. ఇంట్లో అందరి నోళ్ళలోనూ అది ఇంకొకరిది అయిపోయింది. తనే ఇచ్చేసింది. ఇచ్చేటప్పుడు అది ఇంతని తెలియలేదు.

మధ్యాహ్నం అమ్మమ్మ పాత కాఫీ డబ్బాలోంచి ఉప్పురాయి తీసి, నూరడానికి కెండ్రాకిచ్చింది. రాతి మీద రాయి తిరుగుతున్న చప్పుడు ఇల్లంతా వినిపిస్తోంది. మెల్వీనా అక్కడ ఉండలేక, అవసరం లేకపోయినా గొర్రెల దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

*

శనివారం ఎండ ఎక్కేసరికి పందిరి నిండిపోయింది. చిన్నమ్మలు, మేనత్తలు, దూరపు లోయల నుంచి ముసలివాళ్ళు మడత కుర్చీలు తెచ్చుకుని మరీ వచ్చారు. మామయ్య నిప్పుల మీద పక్కటెముకలు తిప్పుతూ, వచ్చిన ప్రతివాళ్ళకీ అది తన గొర్రె అని చెప్పుకుంటున్నాడు.

అక్క ఇంట్లోకి వచ్చి కిటికీలోంచి చూసి, "ఆ వ్యాను ఎవరిది? ఎప్పట్నుంచో అక్కడే ఉంది," అంది.

కెండ్రా ఉలిక్కిపడింది. "మా జట్టు! ఎవరైనా వచ్చేదాకా దిగొద్దని నేనే చెప్పాను."

అద్దాల వెనక నలుగురు కుర్రాళ్ళు ఉడికిన దుంపల్లా ఎర్రగా, నిటారుగా కూర్చుని ఉన్నారు. ఎవరూ కదలడం లేదు. అమ్మమ్మ కిటికీ దగ్గరికొచ్చి చూసింది. "ఎంత చక్కగా పెంచావమ్మాయ్!" అంది పొంగిపోతూ. అక్క నవ్వుతూ వాళ్ళను దించడానికి బయటికి పరుగెత్తింది.

లోపల అమ్మమ్మ, కెండ్రా, మెల్వీనా, పాప మిగిలారు. అమ్మమ్మ పాప చేతికి నీలిరాళ్ళ కడియం తొడిగింది. అల్లిన బుట్టలో ఉప్పు పోసి కెండ్రా ముందు పెట్టింది.

"ముందు పాప ఎవరో చెప్పాలి. అమ్మ వైపు చేదునీళ్ళ వంశంలో పుట్టింది, నాన్న వైపు బురద వంశానికి పుట్టింది. చెప్పు."

మెల్వీనా దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. కెండ్రా అమ్మమ్మ భాషలో చెప్పబోయింది. చెమటలు పట్టాయి. రెండోసారి చెప్పింది. అమ్మమ్మ కళ్ళు మూసుకుంది.

"ఇప్పుడు దీన్ని దొడ్డి వంశంలో కలిపింది. ఇంకోసారి."

కెండ్రా పాప మొహంలోకి చూస్తూ మూడోసారి మొదలుపెట్టింది. పాప ఆమె వైపు చూడటం లేదు. తల తిప్పి, గోడ దగ్గరున్న పిన్ని కోసం చూస్తోంది.

"అమ్మమ్మా, దాన్ని నవ్వించింది నేను."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని మెల్వీనాకు అమ్మమ్మ మొహం చూశాక తెలిసింది.

"ఎప్పుడు?"

"బుధవారమే. కెండ్రా లోపలికి రాకముందు. తప్పిపోయిన గొర్రె కథ చెబుతూ, గొర్రెలా అరిచాను."

అమ్మమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఏదీ, అరిచి చూపించు."

"ఇప్పుడా?"

"మరెప్పుడు?"

మెల్వీనా మొహం మండిపోతుండగా మెడ వంచి, పెదవి వణికించింది. "మ్మ్మేఁ."

పాప పలక మీదే ఎగిరెగిరి నవ్వింది. అమ్మమ్మ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

"ఓసి నీ! అయితే ఈ పిల్ల మూడు రోజులుగా నా పిండిలో మోచేతుల దాకా ఎందుకుంది? ఈమెకు పేగులు చుట్టడం ఎందుకు నేర్పాను?" కెండ్రా వైపు తిరిగింది. "నీకు నోరు లేదా? చెప్పొచ్చు కదా!"

మెల్వీనా అది అనువదించింది.

"చెప్పాను అమ్మమ్మగారూ," అంది కెండ్రా. "అందరూ నవ్వారు."

 అమ్మమ్మ భుజాలు నవ్వుతో కదలడం మొదలైంది. రుమాలు కొసతో కళ్ళు తుడుచుకుంది. "మామయ్యకు చెప్పకు. నవ్వించింది మేనకోడలని తెలిస్తే, గొర్రె అప్పు ఇక తీరదని ఇక్కడే పడి ఏడుస్తాడు."

మెల్వీనాకు గుండె తేలికైంది. నిజం చెప్పేసింది. ఇక పాపకు అబద్ధం అంటదు. "నేను చెప్పేశాను కదా అమ్మమ్మా," అంది గబగబా. "ఇక ఉప్పు కెండ్రాయే పెట్టించకూడదా? ఇన్ని రోజులూ కష్టపడింది. వంశాలు నేను లోపల్నుంచి చెబుతాను, కిటికీలోంచి."

అమ్మమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళి మళ్ళీ పిండిలో చేతులు పెట్టింది.

కెండ్రా బుట్ట వైపు చూసింది. ఉప్పు తను నూరిందే, వేళ్ళకింకా తెల్లగా అంటి ఉంది. మెల్వీనాకు ఆ చూపు కనిపించింది. ఆమెకూ అది కావాలనిపించిందని, నాలుగు రోజుల్లో అది ఆమెకూ ఇష్టమైపోయిందని అప్పుడే తెలిసింది. కెండ్రా బుట్టను రెండు చేతులా ఎత్తి మెల్వీనా చేతిలో పెట్టింది. పలక మీద కట్లు విప్పి, పాపను తీసి రెండో చేతి మీద పడుకోబెట్టింది. పాప గుప్పిట బుట్టలో పడి, ఉప్పు పట్టుకుని మూసుకుంది.

"మాంసం చల్లారుతోంది, తలుపు తియ్యి," అంది అమ్మమ్మ వెనక్కి తిరక్కుండానే.

కెండ్రా తలుపు తీసింది. పందిరి కింద మాటలు ఆగాయి. ముసలమ్మలు కుర్చీల్లో ఇటు తిరిగారు. మెల్వీనా గడప దాటి ఒక్క అడుగు వేసి ఆగింది. చెవుల్లో రొద మొదలైంది. వెనక్కి తిరిగి కెండ్రా వైపు చూసింది. బుధవారం వేడుకున్నట్టే, అదే చూపు.

"ఈగలొస్తున్నాయి, తలుపు," అంది లోపల్నుంచి అమ్మమ్మ.

కెండ్రా నవ్వుతూ, మెల్వీనా ముఖం మీదే తలుపు వేసేసింది.